"నాకు పడదు" అంటే సరిపోదు
హోటల్లో, విందుల్లో తినవలసి వచ్చినప్పుడు

కొన్నాళ్ల క్రితం ఒక టీచరు గారు మా ఆహార సలహా గదికి వచ్చారు. వయసు నలభై దాటింది. బి.పి., షుగరు ఏమీ లేవు. "నాకు హోటల్ తిండి పడదండి. పెళ్లి భోజనాలూ పడవు" అన్నారు. రెండేళ్లుగా ఎవరి పెళ్లికి వెళ్లినా కవరు చేతిలో పెట్టి, ఏదో పని ఉందని చెప్పి, భోజనాలకు ముందే ఇంటికి వచ్చేస్తున్నారట. సొంత మేనకోడలి పెళ్లిలోనూ అంతే. "ఆడపడుచు అలిగి వెళ్లిపోయిందనుకుందండీ మా వదిన" అని చెబుతూ కళ్లు తుడుచుకున్నారు.

"ఏం తింటే పడటం లేదమ్మా?" అని అడిగితే "అన్నీ" అన్నారు. ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి, మూడు వారాల పాటు బయట ఏది తిన్నా రాయమన్నాం. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, ఇబ్బంది ఎన్ని గంటలకు మొదలైంది, అంతే. మూడు వారాల తర్వాత ఆ పుస్తకం చూస్తే ఇడ్లీ తిన్న రోజు ఏమీ లేదు. చేపల పులుసుతో భోజనం చేసిన రోజు ఏమీ లేదు. కోవా, లస్సీ, ఐస్‌క్రీము, ఫలూదా రాసి ఉన్న రోజుల్లో మాత్రం రెండు మూడు గంటల్లోపు ఉబ్బరం, కడుపులో గుడగుడ, విరేచనాలు. ఆమెకు పడనిది హోటల్ కాదు, పాలు. ఇంట్లో ఆమె పాలు తాగరు, మజ్జిగ పోసుకుంటారు. అందుకే ఇంట్లో బాగుండేది, బయట బాగుండేది కాదు.

తర్వాత నెలలో జరిగిన ఒక పెళ్లిలో ఆమె బిరియానీ తిన్నారు, పెరుగు పచ్చడీ వేసుకున్నారు, రసమలాయి వదిలేశారు. అందరితో పాటు కూర్చుని లేచారు.

"పడదు" అన్న ఒక్క మాటలో మూడు సంగతులు

మన తెలుగులో "పడదు" చాలా సౌకర్యమైన మాట. వంకాయ ఇష్టం లేకపోయినా పడదంటాం, పాలు తాగితే విరేచనమైనా పడదంటాం, రొయ్య తింటే పెదవులు వాచినా పడదంటాం. మీరు హోటల్లో "బాబూ, నాకు పల్లీలు పడవు" అంటే సర్వరు చెవికి అది "ఇష్టం లేదు" అన్నట్టే వినిపిస్తుంది. చట్నీ గిన్నె పక్కకు తీసి, అదే చేత్తో, అదే గరిటెతో ఇంకో చట్నీ వేస్తాడు. అతని తప్పు లేదు. మనం చెప్పిన మాట అలాంటిది. కాబట్టి మీకున్నది ఏ "పడదు"వో ముందు మీకు తెలియాలి.

మొదటిది అరగకపోవడం. దీనిలో ఎక్కువగా కనిపించేది పాలు పడకపోవడం. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము పసిబిడ్డల చిన్నపేగులో సమృద్ధిగా ఉంటుంది. పాలు మాన్పించే వయసు దాటాక చాలామందిలో అది తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఇలాంటివారే. మన దేశంలో ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఎక్కువ. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. గాలి, నొప్పి, నీళ్ల విరేచనం వస్తాయి. బాధే, కానీ ప్రాణానికి ప్రమాదం లేదు, పేగు దెబ్బతినదు. పైగా ఇది మోతాదును బట్టి ఉంటుంది. సుమారు 12 గ్రాముల లాక్టోజ్ వరకు, అంటే పావు లీటరు పాలలో ఉండేంత, ఒక్కసారి తీసుకున్నా చాలామందికి పెద్ద ఇబ్బంది రాదు.

రెండవది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు లోపలికి వెళితే, శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున చిన్నపేగు లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర అరిగిపోతే తిన్నది ఒంటికి పట్టదు. రక్తహీనత, బరువు తగ్గడం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, ఎముకల బలహీనత వస్తాయి. దీనికి గోధుమతో ఉన్న సంబంధాన్ని కనిపెట్టింది హాలండ్ దేశపు పిల్లల డాక్టరు విలెం డికె. 1950లో ఆ సంగతి తన సిద్ధాంత గ్రంథంలో రాశారు. మన దేశంలో 2016లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఇది ఉత్తరాదిలో వందలో ఒకరికి పైగా, దక్షిణాదిలో వెయ్యిలో ఒకరికి ఉంది. మన దగ్గర తక్కువ కావడం వల్లనే హోటలు వాళ్లకు దీని పేరు తెలియదు. దీనిలో "కొంచెం తింటే ఏమవుతుంది" అన్న మాట పనికిరాదు. ఒక బ్రెడ్డు ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అందులో నలభయ్యో వంతు, అంటే 50 మిల్లీగ్రాములు, రోజూ మూడు నెలలు తీసుకున్నా పేగు దెబ్బతిన్నట్లు పరీక్షల్లో తేలింది. కడుపులో నొప్పి రాకపోయినా లోపల నష్టం జరుగుతూనే ఉండవచ్చు.

మూడవది ఎలర్జీ. పల్లీలు, జీడిపప్పు, రొయ్యలు, పీతలు, గుడ్డు, చేప, పాలు, నువ్వులు, శనగలు వంటివి. కొందరికి నిమిషాల్లోనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తాయి. ఇది ప్రాణాపాయం వరకు వెళ్లవచ్చు. పాల ఎలర్జీ ఉన్న బిడ్డకూ, పాలు అరగని పెద్దవారికీ తేడా ఇక్కడే ఉంది. అరగనివారు పెరుగు, నెయ్యి హాయిగా తినవచ్చు. ఎలర్జీ ఉన్న బిడ్డకు పెరుగు చెంచాడైనా ప్రమాదమే. "మా అబ్బాయికీ పాలు పడవు, పెరుగు పెడుతున్నాం, ఏమీ కాలేదు" అని పక్కింటివారు చెబితే విని మీ బిడ్డకు పెట్టకండి.

పరీక్షకు ముందు గోధుమ మానకండి

ఇది ప్రత్యేకంగా చెప్పాలి. గోధుమ మీద అనుమానంతో చాలామంది ముందే చపాతీ, బ్రెడ్డు మానేసి, ఒళ్లు బాగుందనిపించాక పరీక్షకు వస్తున్నారు. సీలియాక్‌కు చేసే రక్త పరీక్ష, ఎండోస్కోపీలో తీసే పేగు ముక్క పరీక్ష రెండూ మీరు గోధుమ తింటున్నప్పుడే జబ్బును చూపిస్తాయి. మానేసి కొన్ని నెలలైతే జబ్బు ఉన్నా పరీక్షలో దొరకకపోవచ్చు. అప్పుడు మళ్లీ కొన్ని వారాలు గోధుమ తిని రమ్మని చెప్పవలసి వస్తుంది, అది రోగికి శిక్షే. పాల విషయంలో ఆ చిక్కు లేదు. రెండు వారాలు పాలు మాని, మళ్లీ మొదలుపెట్టి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. విరేచనాల జబ్బు చేసిన తర్వాత కొన్నాళ్లు పాలు అరగకపోవడం కూడా మామూలే, అది దానంతట అదే సర్దుకుంటుంది. ఎలర్జీ అనుమానం ఉన్న పదార్థాన్ని మాత్రం ఇంట్లో తిని పరీక్షించుకోవద్దు.

టిఫిన్ హోటల్లో

ఇంటర్మీడియట్ చదివే ఒక అబ్బాయికి సీలియాక్ ఉన్నట్లు తేలింది. ఐరన్ మాత్రలు ఎన్ని వాడినా రక్తం పెరగక పరీక్షలు చేస్తే బయటపడింది. గోధుమ మానేశాక ఆరు నెలల్లో బాగా కోలుకున్నాడు. తర్వాత చదువు కోసం పెద్ద ఊరికి వెళ్లి, రెండు మూడు నెలల్లోనే మళ్లీ పాలిపోయి వచ్చాడు. "చపాతీ ముట్టుకోలేదండి, బ్రెడ్డు ముట్టుకోలేదు. పొద్దున్నే పెసరట్టు, మధ్యాహ్నం సాంబారన్నం" అన్నాడు. ఆ హోటల్లో పెసరట్టు మధ్యలో ఉప్మా పెట్టి ఇస్తారు. ఉప్మా చేసే బొంబాయి రవ్వ గోధుమే. ఆ సంగతి అతనికి తెలియదు. గోధుమ మానమని చెప్పిన మేమూ ఆ ఒక్క మాట విడమరచి చెప్పలేదు. తప్పు మాదే. ఆ తర్వాత నుండి రోగులకు ఇచ్చే కాగితంలో మొదటి వరుసలోనే "మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా కూడా గోధుమే" అని రాస్తున్నాం.

కాబట్టి టిఫిన్ల సంగతి కొంచెం వివరంగా చూద్దాం. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసేది, మినప్పప్పుతో కలుపుతారు, గోధుమ పడనివారికి మంచిదే. అయితే "రవ్వ ఇడ్లీ" వేరు. అది బొంబాయి రవ్వ, పెరుగు కలిపి చేసేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యం కొరత వచ్చినప్పుడు తామే దాన్ని కనిపెట్టామని బెంగుళూరు ఎం.టి.ఆర్. వారు చెబుతారు. సాదా దోసె, పెసరట్టు పిండిలో మామూలుగా గోధుమ ఉండదు. రవ్వ దోసెలో బొంబాయి రవ్వ, మైదా రెండూ ఉంటాయి. అదే పెనం మీద రవ్వ దోసె వేసి, వెంటనే మీ సాదా దోసె వేస్తే సీలియాక్ ఉన్నవారికి అది సాదా దోసె కాదు. మైసూరు బజ్జీ పూర్తిగా మైదా, పెరుగు. గారె మినప్పప్పుదే కానీ పూరీలు, మైసూరు బజ్జీలు వేగిన మూకుడులోనే అదీ వేగుతుంది.

సాంబారు, రసం దగ్గర ఎవరూ అనుమానించని వస్తువు ఇంగువ. బజారులో దొరికే ఇంగువ పొడి శుద్ధమైన ఇంగువ కాదు. ఇంగువ ఘాటు తట్టుకోలేనంత ఉంటుంది కాబట్టి పిండి, జిగురు కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా కంపెనీల్లో గోధుమ పిండి లేదా మైదా. కొన్ని బియ్యప్పిండి కలుపుతాయి. ఇంటికి కొనేటప్పుడు డబ్బా మీద చదువుకోవచ్చు. హోటల్లో ఆ డబ్బా చూపించమని అడగవలసిందే. పాలు పడనివారికి సాంబారుతో ఏ ఇబ్బందీ లేదు.

పల్లీల ఎలర్జీ ఉన్నవారికి మన టిఫిన్ హోటలు అన్నిటికంటే కష్టమైన చోటు. తెల్లగా కనిపించే చట్నీ కొబ్బరిదే అనుకుంటాం, కానీ మన వైపు చాలా హోటళ్లలో అది పల్లీ చట్నీ, లేదా పల్లీ, కొబ్బరి, పుట్నాలపప్పు కలిపి రుబ్బినది. ఏ రోజు ఏది చవకగా ఉంటే అది ఎక్కువ పడుతుంది. నిన్న కొబ్బరి అన్నారని ఈ రోజు కూడా కొబ్బరే అనుకోకూడదు. ఇలాంటివారు హోటల్ చట్నీ పూర్తిగా మానేసి, ఇంటి నుండి కారప్పొడి పొట్లం తీసుకువెళ్లడమే మేలు. పులిహోరలోనూ పల్లీలు వేస్తారు. ఏరి పక్కన పెట్టి తిన్నంత మాత్రాన సరిపోదు.

కాఫీ, టీల గురించి పాలు పడనివారు ఎక్కువ భయపడుతుంటారు. 100 మిల్లీలీటర్ల పాలలో లాక్టోజ్ సుమారు 5 గ్రాములు. సగం పాలు, సగం నీళ్లు పోసిన చిన్న కప్పు టీలో రెండున్నర గ్రాములే. చాలామందికి అది ఏమీ చేయదు. ఇక హార్లిక్స్, బూస్ట్ లాంటివి హోటళ్లలో వేడి పాలలో కలిపి ఇస్తారు. వీటిలో బార్లీ మాల్ట్ కూడా ఉంటుంది కాబట్టి పాలు పడనివారికీ, సీలియాక్ ఉన్నవారికీ ఇద్దరికీ కుదరదు. (వార్డులో ఉన్నవారిని చూడటానికి వచ్చేవారు చేతిలో హార్లిక్స్ సీసాతో వస్తారు. వారి ప్రేమకు కృతజ్ఞతలు. కానీ ముందు నర్సమ్మను ఒక్క మాట అడగండి.) రాగి మాల్ట్ అసలు రాగి పిండితోనే కాస్తే గోధుమ సమస్య లేదు.

మీల్స్, బిరియానీ, ఫాస్ట్‌ఫుడ్

అన్నం, పప్పు, వేపుడు, పులుసు ఉండే మన ఆంధ్రా భోజనం గోధుమ పడనివారికి ప్రపంచంలోని చాలా వంటకాల కంటే అనుకూలమైనది. ఇంగువ, అప్పడాలు వేయించిన నూనె అడిగితే చాలు. పెరుగన్నం విషయంలో పాలు పడనివారికి ఒక జాగ్రత్త. ఇంట్లో పెరుగన్నం పెరుగుతోనే కలుపుతాం. హోటళ్లలో పులవకుండా ఉండాలని పాలు కూడా పోస్తారు. కప్పులో విడిగా ఇచ్చే పుల్లటి పెరుగు, మజ్జిగ మేలు. పెరుగు తోడుకునేటప్పుడే బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది, మన కడుపులోకి వెళ్లాక కూడా అరగడానికి సాయం చేస్తుంది.

గుత్తి వంకాయ, మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ మూడింటిలోనూ పల్లీలు, నువ్వులు నూరి వేస్తారు. బిరియానీ పక్కన ఇచ్చే సాలన్‌లో పల్లీలు ఉన్నాయని తెలియక ఇబ్బంది పడేవారు ఉన్నారు. బిరియానీకి మాంసం పెరుగులో నానబెడతారు, పాలు పడని పెద్దవారికి ఆ పెరుగుతో సాధారణంగా ఏమీ కాదు. దమ్ బిరియానీ గిన్నె మూతను కొన్నిచోట్ల గోధుమ పిండి ముద్దతో మూసి ఆవిరి బయటకు పోకుండా చేస్తారు. మూత తీసేటప్పుడు ఆ పిండి పెచ్చులు అన్నంలో పడతాయి. సీలియాక్ ఉన్నవారు ఆ మాట అడగాలి. హలీమ్‌లో మాంసంతో పాటు గోధుమ కూడా ఉంటుంది. బాగా ఎనిపి ఉండటం వల్ల గింజ కనిపించదు, రంజాన్ నెలలో స్నేహితులు ప్రేమగా పెడితే తెలియక తినేస్తారు. తెలంగాణ వైపు ఇప్పుడు జొన్న రొట్టెల కేంద్రాలు చాలా వచ్చాయి. సంతోషమే. అయితే రొట్టె విరగకుండా గోధుమ పిండి కలుపుతున్నారా అని అడిగి తినండి.

ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర సోయా సాస్ ఉంటుంది. సోయా సాస్ సాధారణంగా సోయా, గోధుమ రెండూ పులియబెట్టి చేస్తారు. నూడుల్స్ మైదా, మంచూరియా మైదా, కార్న్‌ఫ్లోర్. బియ్యంతో చేసే ఫ్రైడ్ రైస్ కూడా ఆ సాస్ వల్ల సీలియాక్ వారికి పనికిరాదు. ఒకే బాణలిలో రొయ్యలు, గుడ్డు, చికెను వరుసగా వేగుతుంటాయి కాబట్టి ఎలర్జీ ఉన్నవారికి అసలే వద్దు. "నాకు అజినమోటో పడదండి" అని చాలామంది చెబుతారు. ఆ ఉప్పు మీద 1968 నుండి ఈ అపవాదు ఉంది, కానీ తెలియకుండా ఇచ్చి చేసిన పరీక్షల్లో అది గట్టిగా రుజువు కాలేదు. నా అనుభవంలో, అజినమోటో అని చెప్పినవారిలో విచారిస్తే ఎక్కువమందికి చిక్కు మరిగిన నూనె, మైదా, రాత్రి పదింటికి నిండా తినడం వల్లే.

మిఠాయిల దగ్గర లెక్క మారుతుంది. లీటరు పాలు ఇగిరిస్తే సుమారు 200 గ్రాముల కోవా వస్తుంది, లాక్టోజ్ అంతా అందులోనే మిగులుతుంది. అంటే పంచదార కలపని కోవా 50 గ్రాములు తింటే పావు లీటరు పాలు తాగినట్టే. గులాబ్ జామ్‌లో కోవా, మైదా రెండూ ఉంటాయి. డబుల్ కా మీఠాలో బ్రెడ్డు, పాలు. కాజా, బొబ్బట్టు, సేమ్యా పాయసం గోధుమ జాతి. పాలు పడనివారికి రసగుల్లా కొంత మేలు, విరిగిన పాల నీటితో పాటు లాక్టోజ్ చాలా పోతుంది. అరిసెలు, పూతరేకులు బియ్యంతో చేసేవి, నెయ్యిలో లాక్టోజ్ లేశమాత్రమే, కాబట్టి రెండు రకాల వారికీ బాగుంటాయి. హైదరాబాదు విందుల్లో ఖుబానీ కా మీఠా ఉంటే పైన మీగడ, ఐస్‌క్రీము వేయకుండా అడిగి తీసుకోండి, అది పండ్లు, పంచదారే. లాక్టేజ్ మాత్రలు మందుల షాపుల్లో దొరుకుతాయి. తినే ముందు, మొదటి ముద్దతో వేసుకోవాలి. తిన్న గంటకు వేసుకుంటే ఉపయోగం లేదు. ఇవి పాలు అరగనివారికి మాత్రమే. ఎలర్జీకి ఇవి పనిచేయవు.

ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు, బల్ల ఖాళీ అయితే చాలని వెనుక నలుగురు నిలబడి ఉన్నప్పుడు ఎంత మంచి సర్వరైనా మీ మాట వినలేడు. పన్నెండు లోపే వెళ్లండి, లేదా రెండున్నర దాటాక. సర్వరుకు కాకుండా కౌంటరు దగ్గర కూర్చున్న యజమానికో, మేనేజరుకో చెప్పి, "వంట మాస్టరును ఒక్కసారి అడుగుతారా" అనండి. "దీనిలో గోధుమ ఉందా?" అని అడిగితే "లేదు సార్" అన్న జవాబు వెంటనే వస్తుంది. "దీనిలో ఏమేం వేస్తారు? చిక్కబడటానికి ఏం కలుపుతారు? ఏ నూనెలో వేయించారు?" అని అడిగితే ఆలోచించి చెబుతారు. తెలియదు అని ఒప్పుకున్న హోటలును నేను నమ్ముతాను. అన్నిటికీ లేదు లేదు అన్నచోట అన్నం, పెరుగు, ఉడికించిన గుడ్డుతో సరిపెట్టుకోండి. కుదిరిన హోటలు ఒకటి రెండు దొరికితే మాటిమాటికీ అక్కడికే వెళ్లండి. నాలుగోసారికి మాస్టరే గుర్తుపట్టి పెనం కడుగుతాడు.

ఇప్పుడు మన హోటళ్లలో ఒడిశా, బీహారు, బెంగాల్, అస్సాం నుండి వచ్చి పనిచేస్తున్న కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. తెలుగులో ఎంత వివరంగా చెప్పినా వారికి చేరదు. అందుకే జేబులో ఒక చీటీ ఉండాలి, ఒకవైపు తెలుగు, రెండోవైపు హిందీ. హిందీ వైపు మీ ఇంట్లో చదువుకునే పిల్లలతో రాయించుకోవచ్చు. సీలియాక్ ఉన్నవారి కోసం మేము ఇచ్చే చీటీ ఇలా ఉంటుంది.

"నాకు గోధుమ వల్ల వచ్చే పేగు జబ్బు ఉంది. ఇది ఇష్టం లేకపోవడం కాదు. గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బార్లీ, సోయా సాస్, పిండి కలిసిన ఇంగువ కొంచెం తగిలినా నాకు హాని. బియ్యం, పప్పులు, జొన్న, రాగి, మొక్కజొన్న, కూరగాయలు, గుడ్డు, చేప, మాంసం తినగలను. దయచేసి కడిగిన పెనం, కడిగిన గరిటె వాడండి. పూరీలు, బజ్జీలు వేయించిన నూనె వాడకండి."

ఎలర్జీ ఉన్నవారి చీటీలో మొదటి మాట "ఇది తింటే నా ప్రాణానికి ప్రమాదం" అని ఉండాలి. మొహమాటపడకండి. పాలు పడనివారికి చీటీ అక్కర్లేదు. "పాలు, మీగడ, కోవా లేకుండా" అంటే చాలు. చిన్న ఇబ్బందిని ప్రాణాపాయమని చెబితే తర్వాత నిజంగా ప్రాణాపాయం ఉన్నవారి మాట ఎవరూ నమ్మరు.

చట్టం కొంత సాయం చేస్తుంది. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2020లో చేసిన నిబంధనల ప్రకారం, కేంద్ర లైసెన్సు ఉన్న లేదా 10 అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు ఎలర్జీ కలిగించే పదార్థాల వివరం ఇవ్వాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్యలు, పీతల జాతి, పల్లీలు, జీడిపప్పు జాతి, సోయా, సల్ఫైట్లు ఆ జాబితాలో ఉన్నాయి. నువ్వులు లేవు. వీధి చివరి టిఫిన్ హోటలుకు ఇది వర్తించదు. పొట్లం మీద "గ్లూటెన్ ఫ్రీ" అని ఉంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. బ్రిటన్‌లో చదువుకుంటున్న పిల్లలున్న తల్లిదండ్రులు ఒక మాట వారికి చెప్పండి. అక్కడ 2014 డిసెంబరు నుండి హోటళ్లు 14 రకాల పదార్థాల గురించి, నువ్వులతో సహా, సమాచారం ఇచ్చి తీరాలి. అడగడం అక్కడ వింత కాదు.

విందుల్లో

బఫేలో ప్రమాదం వంటలో కంటే గరిటెలో ఎక్కువ. రుమాలీ రోటీ తీసిన పటకారుతోనే కబాబు తీస్తారు, పల్లీ పచ్చడిలో ముంచిన చెంచా పప్పులోకి వస్తుంది. పిలిచినవారికి రెండు రోజుల ముందు ఫోను చేసి, కేటరింగు మాస్టరు నంబరు అడిగి తీసుకోండి. వడ్డన మొదలవకముందే మీ పళ్లెం వరకు తీసి ఉంచమంటే దాదాపు ఎవరూ కాదనరు. చర్చి ప్రేమ విందులకైతే వండేది మనవాళ్లే కాబట్టి ఇంకా తేలిక. సీలియాక్ ఉన్నవారు బల్లలో తీసుకునే రొట్టె కూడా గోధుమదేనని గుర్తుంచుకుని పాస్టరు గారితో ముందుగా మాట్లాడుకోవాలి. పిల్లల పుట్టినరోజు పార్టీకి పంపేటప్పుడు ఆ బిడ్డ తినగలిగే కేకు ముక్కో, అరిసెలో డబ్బాలో పెట్టి పంపండి. అందరూ తింటుంటే చూస్తూ కూర్చోమని బిడ్డకు చెప్పకండి.

పొరపాటున తింటే

పాలు అరగనివారికి కొన్ని గంటల ఇబ్బంది, తర్వాత సర్దుకుంటుంది. విరేచనాలు ఎక్కువైతే ఓ.ఆర్.ఎస్. నీళ్లు తాగండి. సీలియాక్ ఉన్నవారు ఒకసారి పొరపాటు జరిగిందని భయపడి తిండి మానేయకండి. మర్నాటి నుండి జాగ్రత్తగా ఉండండి, ఏ హోటలు, ఏ వంటకమో రాసుకుని తర్వాతి చెకప్‌కు తీసుకురండి.

ఎలర్జీ ఉన్నవారిలో తిన్న కొద్దిసేపట్లో దద్దుర్లతో పాటు గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, ఆయాసం, పిల్లికూతలు, ఆగని వాంతులు, కళ్లు తిరగడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోను చేయండి. కొన్నిసార్లు దద్దుర్లు లేకుండానే ఇవి మొదలవుతాయి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఊపిరి ఆడకపోతే ఆనుకుని కూర్చోనివ్వండి, లేపి నడిపించకండి. సెట్రిజిన్ మాత్ర వేసి చూద్దామని ఆగవద్దు, అది దద్దుర్లను తగ్గిస్తుంది గానీ ఊపిరిని కాపాడదు. దీనికి మందు తొడ కండలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షను. అది ఉన్న దగ్గరి ఆస్పత్రికి తీసుకువెళ్లి, "ఫలానా పదార్థం తిన్నారు, ఇన్ని గంటలకు" అని గేటు దగ్గరే చెప్పండి. ఇంజక్షనుతో తేరుకున్నారని వెంటనే ఇంటికి తీసుకుపోకండి. కొందరిలో కొన్ని గంటల తర్వాత మళ్లీ వస్తుంది, డాక్టరు గారు పంపేవరకు ఆస్పత్రిలోనే ఉంచండి.